వెళ్లొస్తాను అనరాదు

శని మీద తనకు నమ్మకం లేదని సభల్లో చెప్పుకున్న డైరెక్టరు మా మండలికి ఒక్కరే వచ్చారు. ఆయన పేరు డాక్టర్ ఓరుగంటి పరాంకుశరావు గారు. ఒకనాడు సెక్రటరీ గారితో వీడియో సమావేశం జరుగుతోంది. పరాంకుశరావు గారి కంప్యూటరు తెర రాష్ట్రమంతా కనిపిస్తోంది. అలాంటి సమయంలో ఆ తెర మీద కుడిచేతి మూల నుంచి ఒక చిన్న పెట్టె పైకి లేచింది. "పరాంకుశరావు గారూ, మీకు ఏలినాటి శని ఎప్పుడు వదులుతుందో తెలిసిపోయింది. ఇక్కడ నొక్కండి" అని అందులో ఉంది.

సెక్రటరీ గారు దాన్ని తీరిగ్గా పైకి చదివారు. చదివి, నొక్కితే తాము కూడా తెలుసుకుంటామన్నారు. జిల్లాల అధికారులందరూ మైకులు కట్టేసుకుని నవ్వారు. ఒకాయన కట్టేసుకోవడం మరిచిపోయి నవ్వాడు.

మాది సాంకేతిక తెలుగు అమలు మండలి. విజయనగరంలో ఒక పాత బంగళాలో ఉంటుంది. కంప్యూటర్లలో ఇంగ్లీషు మాటలు ఎక్కడ కనిపించినా వాటిని తెలుగు చేసి, వాడమని జనాన్ని కోరడం మా పని. నేను అక్కడ సూపరింటెండెంటుని. ఉత్తర్వులు రాయడంలో నాకు కాస్త పేరుంది. 'సదరు' అనే మాటని నా అంత దట్టంగా వాడగలవాడు జిల్లాలో లేడని గిట్టనివాళ్లు కూడా ఒప్పుకుంటారు.

సమావేశం అవగానే డైరెక్టరు గారు నన్ను పిలిచారు. బ్రౌజరుని తాను స్వయంగా, తన చేతులతో, సమావేశానికి ముందే మూసేశారట. మూసేసింది ఎలా మాట్లాడుతుందని అడిగారు. నేను తెర మీద గడియారం పక్కన ఉన్న చిన్న చుక్కని చూపించాను. మూసినా అది పూర్తిగా పోదని, కంటికి కనపడకుండా వెనకాల నడుస్తూనే ఉంటుందని, దాన్నే బ్యాక్‌గ్రౌండ్‌లో నడవడం అని, మండలి తెలుగులో నేపథ్య సంచారం అని అంటారని చెప్పాను. సెట్టింగుల్లో దీనికి ఒక టిక్కు ఉంటుంది. అది తీసేస్తే చాలు, ఆగిపోతుంది. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. నేను మౌసు మీద చెయ్యి వేయబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"ఒక ప్రభుత్వ సంస్థ అధిపతి గౌరవానికి రాష్ట్రవ్యాప్తంగా భంగం కలిగింది. దాన్ని టిక్కుతో సరిపెడతారా?" అన్నారు.

ఆయన అన్నదీ నిజమే. టిక్కు తీస్తే అక్కడితో అయిపోతుంది. అయిపోయే పని చేయడానికి మండలి ఎందుకు? పైగా ఆ టిక్కు బ్రౌజరు తయారైనప్పుడే పెట్టి ఉంది. మనం పెట్టని టిక్కుని తీసే అధికారం మనకుందా లేదా అన్నది తేలాలి. అందుకని ఒక కమిటీ వేశారు. అందులో నేనూ, పదనిర్మాణ విభాగం అధిపతి శఠగోపాచారి గారూ సభ్యులం.

ఆచారి గారు వ్యాకరణంలో ఉద్దండులు. టీ ఇస్తే ఆ మాట ఏ దేశం నుంచి ఏ దారిన వచ్చిందో చెప్పి గానీ తాగరు. ఈలోగా అది చల్లారిపోతుంది కాబట్టి జీవితంలో వేడి టీ రుచి ఆయనకు తెలియదు. డైరెక్టరు గారి గదిలోకి వచ్చి, బ్రౌజరుని మూసే బటను చూపించమన్నారు. చూపించాను. దాని మీద 'వెళ్లొస్తాను' అని ఉంది.

ఆ బటనుకి కొంచెం చరిత్ర ఉంది. ఈ బ్రౌజరుని తెలుగు చేసింది మేమే. అప్పట్లో ఆ బటనుకి 'నిష్క్రమించు' అని, 'చాలించు' అని రకరకాల మాటలు అనుకున్నాం. 'చాలించు' అంటే తిట్టినట్టుందని డైరెక్టరు గారు కొట్టేశారు. మన ఇళ్లలో మర్యాద తెలిసినవాడు గడప దాటేటప్పుడు ఏమంటాడు, యంత్రం మాత్రం అంతకు తక్కువ తిందా అని ప్రశ్నించి, 'వెళ్లొస్తాను' అని ఖరారు చేశారు. ఆ ఒక్క మాటకి రాజమండ్రిలో సభ పెట్టి శాలువా కప్పారు. ఆ శాలువాకి అద్దం కట్టించి తన కుర్చీ వెనక గోడకి తగిలించుకున్నారు.

ఆచారి గారు బటను వైపు చాలాసేపు చూశారు. తరవాత అన్నారు కదా:

"వెళ్లొస్తాను అంటే వెళ్లి వస్తాను. ఇందులో వెళ్లడం అసమాపక క్రియ. అంటే ముగియనిది. రావడం ఒక్కటే సమాపకం. కాబట్టి ఈ మాట పలికినవాడు వెళ్లడాన్ని ఎన్నటికీ ముగించడు. బ్రౌజరు వ్యాకరణం ప్రకారమే నడుచుకుంది. దాని తప్పేమీ లేదు."

అయితే బటను మార్చేద్దామా అన్నాను. ఆచారి గారు గోడ మీది శాలువా వైపు చూశారు. నేనూ చూశాను. ఆ విషయం ఇద్దరం మళ్లీ ఎత్తలేదు.

బ్రౌజరు తప్పు లేదు, బటను తప్పు లేదు. మరి తప్పనేది ఒకటి జరిగింది కదా, అది ఎవరో ఒకరిది కావాలి. ఆచారి గారు గది తలుపు తీసి హాల్లోకి చూపించారు. మిట్టమధ్యాహ్నం. హాల్లో మనిషన్నవాడు లేడు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ప్రతి కుర్చీ వీపుకీ ఒక తువ్వాలు. ప్రతి ఫైలు మీదా ఒక కళ్లజోడు. వీళ్లంతా ఎక్కడ అని అడిగారాయన. ఉన్నారని, ఇప్పుడే వెళ్లొస్తామని వెళ్లారని నేను అలవాటు కొద్దీ చెప్పాను. ఆచారి గారి మొహం వెలిగిపోయింది.

మా ఆఫీసులో కుర్చీకి తువ్వాలుంటే మనిషి ఉన్నట్టే లెక్క. అక్షరాల విభాగంలో సీనియర్ అసిస్టెంటు పిన్నింటి పైడినాయుడు గారి కుర్చీకి ఒక ఆకుపచ్చ టర్కీ తువ్వాలు ఉంటుంది. తెర మీద ఒత్తులు అక్షరాన్ని వదిలి పక్కకి పోకుండా చూడడం ఆయన పని. నెమ్మదైన మనిషి. ఎవరైనా ఆయన కోసం వస్తే, లేరా అంటే, తువ్వాలుంది కదండీ అంటాం. వచ్చినవాళ్లు తువ్వాలుకి ఎదురుగా కూర్చుని ఎదురుచూసేవాళ్లు. కొందరు తమ గోడు దానికే చెప్పుకుని వెళ్లిపోయేవాళ్లు.

కమిటీ నివేదిక తయారైంది. సిబ్బంది నేపథ్యంలో నడుస్తున్నారు, వాళ్లను చూసి యంత్రం నేర్చుకుంది అన్నది దాని సారాంశం. డైరెక్టరు గారు చదివి నా భుజం తట్టారు. ఆ సాయంత్రమే నేను ఉత్తర్వు రాశాను. నా చేత్తో రాసినవాటిలో అంత బాగా కుదిరింది ఇంకొకటి లేదు. అందుకని ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"సదరు మండలి యందలి సిబ్బంది, కుర్చీని విడిచియు విడువక, ఇంటికి పోయియు పోక, సదరు బ్రౌజరు వలె నేపథ్యమున సంచరించుచున్నట్లు కమిటీ దృష్టికి వచ్చియున్నది. ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, ఇకమీదట కార్యాలయము వదలు ప్రతి ఉద్యోగియు 'వెళ్లొస్తాను' అను అసమాపక పదమును విడనాడి, 'పోతున్నాను' అని స్పష్టముగాను, వినబడునట్లుగాను పలికి నిష్క్రమించవలెను. అట్లు పలుకనివారు నిష్క్రమించినట్లు పరిగణింపబడరు."

దీనికి పూర్ణ నిష్క్రమణ ఉత్తర్వు అని పేరు పెట్టారు. గేటు దగ్గర ఒక బల్ల వేసి నిష్క్రమణ కౌంటరు అన్నారు. వాచ్‌మన్ భద్రాన్ని దాని వెనక కూర్చోబెట్టారు. భద్రానికి అంతకుముందు గేటు తీయడం, వేయడం తప్ప అధికారం లేదు. ఉత్తర్వుని లామినేషను చేయించి మెళ్లో వేసుకున్నాడు.

మా వైపు ఫలానావాడు పోయాడంటే ఎక్కడికని ఎవరూ అడగరు. ఎప్పుడని అడుగుతారు. అలాంటి మాటని సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు నోటితో అనాలంటే ఎవరికి వస్తుంది? మొదటిరోజు గేటు దగ్గర వరస వంతెన దాకా వెళ్లింది. టైపిస్టు కొండమ్మ ఆ మాట అని వెంటనే చెంపలు వేసుకుంది. ఇంకొకాయన కాగితం మీద రాసి చూపించాడు. భద్రం పలకాలన్నాడు. మా అకౌంట్సు ఆయన తెలివిగా, "పోతున్నాను, దేవుడి దయ ఉంటే పొద్దున్నే వస్తాను" అన్నాడు. భద్రం వెనక్కి పిలిచి, వస్తానంటే అది మళ్లీ పాత మాటే అవుతుందని చెప్పి, చివరి ముక్క తీసేయించి పంపాడు. ఇంటి దగ్గర తల్లులూ పెళ్లాలూ ప్రతి సాయంత్రం గడపలోనే ఆపి దిష్టి తీయడం మొదలుపెట్టారు. ఆ వారం పేటలో కళ్లుప్పు నిండుకుంది.

నిండుకుంది అన్నానా, ఆ మాట కూడా తరవాత నిషేధించారు.

ఒకసారి దారి దొరికాక ఆచారి గారు ఆగలేదు. ఫోను పెట్టేసేటప్పుడు మనం 'ఉంటాను' అంటాం. ఉంటానని చెప్పి వెళ్లిపోతే అసత్యం, ఉంటానని చెప్పి ఉండిపోతే నేపథ్య సంచారం, ఏ రకంగా చూసినా నేరమేనని ఆయన తేల్చారు. ఇకమీదట ఫోను పెట్టేసేవాళ్లు వాస్తవాన్నే చెప్పాలి. నేను రెండో ఉత్తర్వు రాశాను. దాని ప్రకారం మా అకౌంట్సు ఆయన పై ఆఫీసు నుంచి వచ్చిన ఫోనులో మాట్లాడడం ముగించి, "సరేనండి, ఇక లేను" అని పెట్టేశాడు. మధ్యాహ్నానికి ఒక పెద్ద పూలదండ వచ్చింది. దాన్ని ఎవరి పేరున జమ కట్టాలో తెలియక ఆయనే సంతకం చేసి తీసుకున్నాడు.

మూడో ఉత్తర్వుతో ఆఫీసుకి పండగ వచ్చింది. పూర్తిగా పోయినవాడు మళ్లీ వస్తే వాడు కొత్తవాడే అవుతాడు కదా అన్నారు ఆచారి గారు. పూర్తిగా మూసిన బ్రౌజరుని తెరిస్తే అది అన్నీ మొదటినుంచి అడుగుతుంది. కాబట్టి రోజూ పొద్దున్న భద్రం ప్రతి ఒక్కరినీ పేరేమిటి, తండ్రి పేరేమిటి, ఏం పని మీద వచ్చారు అని అడిగి లోపలికి వదిలేవాడు. సిబ్బందికి ఇందులోని సుఖం తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. ఏ ఫైలు గురించి అడిగినా, అది నిన్నటాయన చూశాడండీ, ఆయన పోయాడు, నేను ఇవాళే వచ్చాను అనేవాళ్లు. ఊరి పేరులో అక్షరం తప్పు పడిందని అర్జీ పట్టుకుని తిరుగుతున్న ఒక మాస్టారు, రోజుకొక కొత్తమనిషికి మొదటినుంచి చెప్పలేక, చివరికి ఆ తప్పు పేరే ఊరికి అలవాటు చేస్తానని చెప్పి మానేశాడు. సిబ్బంది ప్రతి ఉదయం తాజాగా ఉంటున్నారని డైరెక్టరు గారు పైకి నివేదిక పంపారు.

బ్రౌజరు మాత్రం నడుస్తూనే ఉంది. చుక్క గడియారం పక్కనే ఉంది. దాని మీద రెండో కమిటీ వేయాల్సి ఉంది.

అలా ఉండగా పైడినాయుడు గారికి గుండెలో రక్తనాళాలు మూసుకుపోయాయని తేలింది. విశాఖపట్నంలో పెద్దాసుపత్రి వాళ్లు ఆపరేషనుకి రోజు ఇచ్చారు. ముందురోజు రాత్రికల్లా వచ్చి చేరాలి. లేకపోతే ఆ మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు, మళ్లీ ఎప్పుడు ఖాళీ అవుతుందో చెప్పలేమన్నారు. అంతదాకా ఆగే స్థితిలో ఆయన గుండె లేదు. ఉద్యోగుల ఆరోగ్య కార్డు మీద ఆపరేషను కాబట్టి ఆఫీసు నుంచి సెలవు కాగితం తీసుకురావాలి. నేను అన్ని పనులూ పక్కన పెట్టి కాగితం తయారు చేశాను. డైరెక్టరు గారు సంతకం కూడా చేశారు. కాకపోతే మా ఉత్తర్వు ప్రకారం, నిష్క్రమించినట్లు కౌంటరులో ముద్ర పడితే గానీ సెలవు మొదలు కాదు. ఆ మాట పలికితే గానీ ముద్ర పడదు.

చేరాల్సిన రోజు పైడినాయుడు గారు తువ్వాలు మడిచి భుజాన వేసుకుని కౌంటరు ముందు నిలబడ్డారు. గేటు అవతల ఆటోలో ఆయన భార్య సన్యాసమ్మ గారు సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆయన రోజూ ఆ మాట అంటున్నవాడే. కానీ ఆవేళ నోరు తెరిచి, ఆటో వైపు చూసి, మళ్లీ మూసుకున్నారు. రెండోసారీ అంతే అయింది. ఆవిడ ఆటో దిగి వచ్చింది.

"ఏటి అనమంతన్నారు?" అని అడిగింది.

భద్రం మెళ్లో ఉత్తర్వు ఎత్తి చదివి వినిపించాడు. ఆవిడ చివరిదాకా విన్నది.

"గుండె కోయించుకోడానికి ఎల్తన్న మనిసి సేత పోతన్నానని అనిపిత్తారేటి?" అంది. అరవలేదు. మొగుడి చెయ్యి పట్టుకుని నేరుగా డైరెక్టరు గారి గదిలోకి నడిచింది. నేను వెనకాల వెళ్లాను.

డైరెక్టరు గారు ఆవిణ్ణి కూర్చోమన్నారు. ఇది శాస్త్రీయమైన సంస్కరణ అన్నారు. మాట అంటే కేవలం శబ్ద సంకేతమని, దానికి ప్రాణం ఉండదని, ప్రాణం తీసే శక్తి అంతకన్నా ఉండదని, ఇలాంటి మూఢనమ్మకాలను పారదోలడం మండలి ఆశయాల్లో ఒకటని చెప్పారు. చెబుతున్నంతసేపూ కుడిచేతి వేలికి ఉన్న నీలం రాయి ఉంగరాన్ని తిప్పుకుంటున్నారు. ఆ ఉంగరం వీడియో సమావేశానికి ముందు లేదు.

"మాటకి పేణం నేకపోతే ఏ మాటైతే ఏటి బాబూ? మా మాటే ఉండనీండి" అందావిడ.

ఆయన కాస్త తడబడి, నిబంధన అందరికీ ఒకటేనన్నారు.

"అలగైతే ముందు మీరనండి. మీరూ ఇంటికెల్తారు కదా. ఒకపాలి మా ముందర ఆ మాట అనండి. ఆ మీదట ఈయనా అంతాడు."

డైరెక్టరు గారు గొంతు సవరించుకున్నారు. డైరెక్టరు అంటే వ్యక్తి కాదని, సంస్థ అని, సంస్థ ఎక్కడికీ పోదని, కాబట్టి తనకు ఆ మాట వర్తించదని వివరించారు. నాకు అప్పుడు ఒక విషయం గుర్తొచ్చింది. ఉత్తర్వు వచ్చిన నాటి నుంచి ఆయన కారు సాయంత్రం ముందు వాకిట్లోకి రావడం లేదు. ముందు వైపు ఎండ ఎక్కువగా ఉంటోందని బంగళా వెనక క్యాంటీను పక్కన నిలబెట్టమన్నారు. కౌంటరేమో ముందు గేటు దగ్గరుంది. ఇన్నాళ్లూ మా ఆఫీసులో నిజంగా నేపథ్యంలో నడుస్తున్నది ఆయన ఒక్కరే.

సన్యాసమ్మ గారు లేచింది. మొగుణ్ణి నడిపించుకుంటూ బంగళా వెనక్కి వెళ్లి క్యాంటీను బల్ల మీద పడుకోబెట్టింది. తను వెనక గుమ్మం మెట్టు మీద కూర్చుంది. నీడ ఉన్నది అక్కడొక్కచోటే.

నేను భద్రం దగ్గరికి వెళ్లి, విన్నట్టు రాసుకుని ముద్ర వేసెయ్యమన్నాను. వాడు నిజంగానే బాధపడ్డాడు. "వినబడునట్లుగాను అని మీరే రాసినారు కదండీ. వినబడనేదు కదా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. వాడి మీద కాదు. ఆ ముక్క నేను వాక్యం బరువుగా ఉండడానికి వేశాను. నా వాక్యం బరువంతా ఇప్పుడు ఆ బల్ల మీద పడుకున్న మనిషి గుండె మీద ఉంది. ఆ పూటంతా నేను ఏ పనీ చేయలేదు. నాలాగే ఎవరూ చేయలేదు. ఒకరి తరవాత ఒకరు క్యాంటీను వైపు వెళ్లి, ఏం చెప్పాలో తెలియక టీ తాగి వస్తున్నారు. పైడినాయుడు గారు మాత్రం లేచి కూర్చుని, పోనీ నేను అనేస్తానే, మాటే కదా అని భార్యని బతిమాలుతున్నారు. ఆవిడ ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

పొద్దు వాలింది. విశాఖపట్నంలో ఆసుపత్రి వేళకి చేర్చే ఆఖరి బస్సులో సీటు దొరకాలంటే ఇప్పుడే బయల్దేరాలి. సరిగ్గా అప్పుడు వెనక తలుపు తెరుచుకుని డైరెక్టరు గారు సంచీతో బయటికి వచ్చారు. మమ్మల్నందరినీ అక్కడ చూసి ఒక అడుగు వెనక్కి వేశారు. కారు ఎదురుగానే ఉంది. మధ్యలో మెట్టు మీద సన్యాసమ్మ గారు.

ఆవిడ అడ్డం తిరగలేదు. పెద్దమనిషి బయటికి వస్తున్నాడని లేచి, కొంగు సర్దుకుని, పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది. గుమ్మం దాటే మనిషి కనిపిస్తే మా ఊళ్లో ఎవరైనా అడిగే మాటే అడిగింది.

"ఎల్తన్నారా బాబూ?"

"ఆఁ, వెళ్లొస్తానమ్మా" అన్నారు డైరెక్టరు గారు.

అనేసి రెండడుగులు వేశాక గానీ ఆయనకు తెలియలేదు. ఆచారి గారు టీ గ్లాసు పట్టుకుని, ఎవరూ అడగకుండానే, "అసమాపకం" అన్నారు. టీ తాగడానికి వచ్చిన భద్రం గ్లాసు కింద పెట్టాడు. వాడికి రెండు మనసులు ఉండవు. వెళ్లి కారు ముందు నిలబడ్డాడు.

"సార్, మీరు వెళ్లినట్టు కాదండి. ఆ మాట మల్లీ అనండి" అన్నాడు.

డైరెక్టరు గారు భద్రం వైపు చూశారు. వాడి మెళ్లో ఉన్న తన సంతకం వైపు చూశారు. ఛాతీ విరుచుకుని, సంస్కర్తలు సభలో నిలబడినట్టు నిలబడ్డారు. "పో" అన్నారు. ఆగారు. ఉంగరం తిప్పుకున్నారు. మళ్లీ "పో" దాకా వచ్చారు. అక్కడి నుంచి ముందుకి సాగలేదు. నుదుటి మీద చెమట పట్టింది. ఎవరూ నవ్వలేదు. మాలో ప్రతి ఒక్కరూ ఆ అక్షరం దగ్గర రోజూ ఆగి వచ్చినవాళ్లమే. ఆయన మీద ఆ క్షణంలో నాకు మొదటిసారి జాలి కలిగింది.

కాసేపటికి ఆయన నా వైపు తిరిగి మామూలు గొంతుతో, "సూపరింటెండెంటు గారూ, ఒక సవరణ రాయండి" అన్నారు.

క్యాంటీను బల్ల మీదే, పైడినాయుడు గారి పక్కన కూర్చుని రాశాను. ఎన్నడూ లేనిది ఒక్క 'సదరు' కూడా పడలేదు.

"వైద్య కారణముల చేతను, తదితర అనివార్య కారణముల చేతను కార్యాలయము వదలువారు 'వెళ్లొస్తాను' అని పలుకవచ్చును. అయితే అట్లు పలికినవారు తప్పనిసరిగా తిరిగి రావలెను. ఇందుకు ఎట్టి మినహాయింపును లేదు."

డైరెక్టరు గారు కారు ముందు భాగం మీద కాగితం పెట్టి సంతకం చేశారు. తన విషయం తదితర అనివార్య కారణాల కిందికి వస్తుందని భద్రానికి చెప్పి, వెళ్లొస్తానని ఇంకోసారి స్పష్టంగా, వినబడేలా అని, కారెక్కి వెళ్లిపోయారు.

సన్యాసమ్మ గారు ఆ సవరణని నా చేత రెండోసారి చదివించుకుంది.

"రావలెను అంటే రావాలిసిందేనా బాబూ?"

"రావాల్సిందేనమ్మా. గవర్నమెంటు ఆర్డరు. మినహాయింపు లేదు."

ఆవిడ నకలు అడిగి తీసుకుని మడిచి రొంటిన దోపుకుంది. పైడినాయుడు గారు కౌంటరు ముందు నిలబడి "వెళ్లొస్తాను" అన్నారు. ఆ నెమ్మదైన మనిషి గొంతు అంత పెద్దదని మాకు ఎవరికీ తెలియదు. భద్రం ముద్ర వేసి, ఆటో వెనకాలే పరిగెత్తి బస్సు ఆపించాడు.

తరవాత ఆసుపత్రిలో జరిగింది కొండమ్మ చూసి వచ్చి చెప్పింది. లోపలికి తీసుకెళ్లేముందు సన్యాసమ్మ గారు పెద్ద డాక్టరుకి ఆ కాగితం చూపించి, ఈయన తిరిగి రావాలని గవర్నమెంటు రాసింది, చూసుకోండి అందట. డాక్టరు చదివాడట. ఇలాంటి ఉత్తర్వు ప్రభుత్వం నుంచి తన సర్వీసులో చూడలేదని చెప్పి, జేబులో పెట్టుకుని లోపలికి వెళ్లాడట. మొదటి కొన్నాళ్లు కబుర్లు సరిగా రాలేదు. ఒకసారి జ్వరం తగ్గడం లేదని, ఇంకోసారి మళ్లీ ఐసీయూకి మార్చారని విన్నాం. ఆయన కుర్చీ ఖాళీగా ఉంటే చూడలేక కొండమ్మ ఇంటి నుంచి ఒక తువ్వాలు తెచ్చి వేసింది. రూలు ప్రకారం అది నేపథ్య సంచారమే. డైరెక్టరు గారు అటుగా వెళుతూ చూశారు. చూసి, కాస్త జారితే సర్ది వెళ్లారు.

తదితర అనివార్య కారణాలు ఇప్పుడు అందరికీ ఉన్నాయి. సాయంత్రం గేటు దగ్గర అందరూ వాటి కిందే వెళుతున్నారు. పూర్ణ నిష్క్రమణ ఉత్తర్వు మాత్రం అమల్లోనే ఉంది. దాన్ని రద్దు చేయాలంటే కమిటీ వేయాలి. గడియారం పక్కన చుక్క కూడా అలాగే ఉంది. మొన్న ఎవరూ లేనప్పుడు నేను సెట్టింగుల్లోకి వెళ్లి ఆ టిక్కు దాకా చెయ్యి పెట్టాను. ఏదో పని మీద లోపల తిరుగుతోంది కదా, ఉండనీలే అనిపించి వచ్చేశాను.

ఒక సోమవారం పొద్దున్న గేటు దగ్గర ఆటో ఆగింది. చిక్కిపోయిన మనిషి ఒకాయన, చొక్కా గుండీలన్నీ మెడ దాకా పెట్టుకుని, భార్య చెయ్యి పట్టుకుని నెమ్మదిగా దిగాడు. భుజం మీద ఆకుపచ్చ తువ్వాలు. భద్రం తల ఎత్తకుండానే రిజిస్టరు ముందుకి లాక్కుని, పేరేమిటి, తండ్రి పేరేమిటి, ఏం పని మీద వచ్చారు అని అడిగాడు.

"కొత్తవాణ్ణి కాదు భద్రం. వెళ్లొస్తానని వెళ్లినవాణ్ణి. వచ్చాను."

భద్రం రిజిస్టరు మూసేసి లేచి నిలబడ్డాడు.